ఎడమ చనుమొన నొప్పి. మగవాణ్ణి, ఎవరికి చూపించాలి?

పాత లెడ్జరు:

నాకు 52 ఏళ్ళు, లెక్కలు చూసే ఉద్యోగం. మూడు వారాలుగా ఎడమ చనుమొన నొప్పిగా ఉంది. ఈ వాక్యం రాయడానికే రెండు రోజులు పట్టింది. నవ్వేవాళ్ళు నవ్వండి, కానీ మొత్తం చదివి నవ్వండి.

మొదట తెలిసింది చొక్కా జేబు వల్ల. ముప్ఫై ఏళ్ళుగా ఎడమ జేబులో పెన్ను పెట్టుకునే అలవాటు నాది. ఒకరోజు ఫైలు అందుకుందామని బల్ల మీదికి వంగితే ఆ పెన్ను సరిగ్గా అక్కడే ఒత్తుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పట్నుంచి పెన్ను చేత్తో పట్టుకునే తిరుగుతున్నాను, ఇప్పటికి నాలుగు పోగొట్టుకున్నాను. స్నానమయ్యాక తువ్వాలుతో ఆ చోటు తుడవడం మానేశాను. బోర్లా పడుకోవడం ఎప్పుడో మానేశాను. సీటు బెల్టు రాసుకున్నా ఉలిక్కిపడుతున్నాను.

పైకి చూస్తే ఏమీ లేదు. ఎరుపు లేదు, పుండు లేదు, పొట్టు రాలడం లేదు, ఏదీ కారడం లేదు. వేలితో నొక్కితే మాత్రం మొన కింద బిళ్ళలాంటిది తగులుతోంది. కుడివైపు అలా ఉందో లేదో తేల్చుకోలేకపోతున్నాను. గంటకోసారి నొక్కి చూసుకుంటుంటే బాగున్న చోటైనా నొప్పి పుడుతుంది కదా.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా అంటారేమో. వెళ్ళాను, అక్కడే తప్పు చేశాను. చీటీ రాసే అమ్మాయి "ఏంటి సార్ సమస్య" అని అడిగింది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. నోరు రాక "ఎడమవైపు ఛాతీలో నొప్పి" అన్నాను. బీపీ ఉన్న 52 ఏళ్ళవాడు ఆ మాట అంటే ఊరుకుంటారా? చక్రాల కుర్చీ వచ్చింది. ఈసీజీ తీశారు, రక్తం తీశారు. వైర్లు తగిలించే కుర్రాడి చెయ్యి అక్కడ తగిలి నేను "అబ్బా" అంటే, "చల్లగా ఉందా సార్" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. ఊఁ అన్నాను. గుండె బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుందని మాత్రలిచ్చి పంపించారు. వాళ్ళ తప్పేం లేదు, నేను చెప్పిన జబ్బుకే వాళ్ళు వైద్యం చేశారు.

మగవాళ్ళకు ఇది ఎందుకు వస్తుంది? క్యాన్సరా? అసలు ఏ డాక్టరుకి చూపించాలి? మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

తెల్లవారుజామున పది కిలోమీటర్లు:

సార్, పరుగెత్తేవాళ్ళలో నవ్వేవాడు ఎవడూ ఉండడు. నా మొదటి హాఫ్ మారథాన్ ఫోటోలో తెల్ల టీషర్టు మీద రెండు ఎర్రటి గీతలు కిందికి కారి ఉన్నాయి. చూసినవాళ్ళు ఎవరో పొడిచారనుకున్నారు. చెమటకు తడిసిన గుడ్డ వేలసార్లు రాసుకుంటే చర్మం లేచిపోతుంది, దాని మీద చెమట ఉప్పు ఎండితే గరుకు కాగితమే. పరుగుకి ముందు వాజలీన్ రాసుకోవడమో, చిన్న టేపు అంటించుకోవడమో చేస్తే చాలు. బిగువుగా పట్టి ఉండే బనియను కూడా పనిచేస్తుంది.

కానీ అది పైచర్మం నొప్పి, చూస్తే తెలిసిపోతుంది. మీది లోపలిది. బిళ్ళ అంటున్నారు కాబట్టి వాజలీనుతో సరిపెట్టుకోకండి.

సరదాగా:

ఇది ఆడవాళ్ళ డిపార్ట్‌మెంటు కదా గురూ, తప్పు కౌంటర్లో నిలబడ్డావేమో 😀

పాత లెడ్జరు:

ఆ మాట అంటారనే మూడు వారాలు నోరు మూసుకున్నాను. కౌంటర్ ఎక్కడో తెలిస్తే చెప్పండి, వెళ్తాను.

ఇద్దరు పిల్లల అమ్మ:

అన్నయ్యగారూ, ఆడవాళ్ళ డిపార్ట్‌మెంటులో ఇరవై ఏళ్ళ సర్వీసు నాది. మాకూ అంత సులువుగా తేలదు.

నెలసరికి వారం ముందు రెండువైపులా సలుపుతుంది, నెలసరి వచ్చాక తగ్గిపోతుంది. అలా తేదీ చూసి వచ్చేదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకసారి అది తగ్గలేదు, తేదీ దాటింది. అది మా పెద్దాడు.

వాడు పుట్టాక మొదటి పది రోజులు నరకం. పాలు తాగి వదిలాక చూస్తే మొన ఒకవైపు చెక్కినట్టు ఏటవాలుగా, కొత్త లిప్‌స్టిక్ చివరలా ఉండేది. ఓర్చుకో, అలవాటవుతుంది అన్నారంతా. పాలు పట్టడం నేర్పే నర్సు ఒకావిడ చూసి, వాడు మొన ఒక్కటే పట్టుకుంటున్నాడు, చుట్టూ ఉన్న నల్లభాగం కూడా నోట్లోకి వెళ్ళాలి అని వాడి గడ్డం రొమ్ముకి ఆనేలా తిప్పి పట్టించింది. రెండు రోజుల్లో పగుళ్ళు మానడం మొదలైంది. పది రోజులు ఓర్చుకోమన్నవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. రెండోదాని అప్పుడు వేరే కథ: పాలు పట్టాక, చలిగాలి తగిలినా, మొన తెల్లగా పాలిపోయి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడి మండేది. రక్తనాళాలు బిగుసుకుపోవడం వల్ల అలా అవుతుందన్నారు. బిడ్డ వదలగానే వెచ్చటి పొడిగుడ్డ పెట్టుకుంటే ఉపశమనంగా ఉండేది.

అసలు మీకు చెప్పాలనుకున్నది ఇది. 44వ ఏట నాకు కుడి మొన ఒక్కటే దురద పెట్టి పొట్టు లేచింది. ఎగ్జిమా అని నేనే తేల్చుకుని ఇంట్లో ఉన్న క్రీము ఆరువారాలు రాశాను. కాస్త తగ్గడం, మళ్ళీ రావడం. డాక్టరు చూసి, ఎగ్జిమా మామూలుగా రెండువైపులా ఉంటుంది, చుట్టూ ఉన్న నల్లభాగంలో ఎక్కువ ఉంటుంది. ఒకవైపే, అదీ మొన దగ్గర మొదలై క్రీముకి లొంగనిది పేజెట్ జబ్బు (మొన చర్మంలో వచ్చే క్యాన్సర్) కావచ్చు, దాంతోపాటు చాలామందికి రొమ్ము లోపల క్యాన్సర్ కూడా ఉంటుంది అన్నారు. మత్తిచ్చి పెసరగింజంత ముక్క తీశారు. రిపోర్టు వచ్చేదాకా ఆ వారం ఎలా గడిచిందో అడక్కండి. చివరికి ఎగ్జిమానే. కొత్తగా మార్చిన బట్టల సబ్బు పడలేదు. కానీ ముక్క తీసి చూడకుండా ఆ మాట ఎవరూ అనలేరు.

మీ ఆవిడకి ఇవాళే చెప్పండి. తువ్వాలు సంగతి ఆవిడ ఎప్పుడో చూసి ఉంటుంది.

మందుల బల్ల:

ఫార్మసిస్టుని. లెడ్జరుగారూ, బీపీ అన్నారు. ఏ మాత్రలు వాడుతున్నారు? గత ఏడాదిలో కొత్తగా చేర్చినవి ఏవి? డబ్బా పక్కన పెట్టుకుని పేర్లు చూసి రాయండి, గుర్తున్నవి కాదు.

పాత లెడ్జరు:

ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్. మూడు వేసినా బీపీ దిగలేదని ఐదు నెలల క్రితం స్పైరనోలాక్టోన్ 25 చేర్చారు. రెండు నెలల క్రితం దాన్ని 50 చేశారు.

మందుల బల్ల:

నేను వెతికింది ఆ నాలుగోదే. స్పైరనోలాక్టోన్ మంచి మందే, మీలాంటి మొండి బీపీకి రాసేదే. కాకపోతే అది మగ హార్మోను పనికి అడ్డుపడుతుంది. అందువల్ల కొంతమంది మగవాళ్ళలో చనుమొన కింద రొమ్ము కణజాలం పెరుగుతుంది. గైనకోమాస్టియా అంటారు. డోసు పెరిగితే అవకాశం పెరుగుతుంది. పెరుగుతున్న కొత్తలోనే నొప్పి ఎక్కువ. ప్రోస్టేటుకీ జుట్టుకీ వాడే ఫినాస్టరైడ్, మానసిక సమస్యలకిచ్చే రిస్పెరిడోన్, ఫంగస్‌కి మింగే కీటోకొనజోల్, కండల కోసం వేసుకునే స్టెరాయిడ్లు కూడా ఇలా చేయగలవు. లివరు, కిడ్నీ, థైరాయిడ్ జబ్బుల్లోనూ వస్తుంది.

ఇది నా అనుమానం మాత్రమే, చేత్తో చూడనిదే ఎవరూ తేల్చలేరు. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, బీపీ పైకి లేస్తుంది. రాసిన డాక్టరునే కలవండి, లేదా జనరల్ సర్జన్‌ని. ఆగకుండా వెళ్ళాల్సినవి కొన్నున్నాయి: గడ్డ రాయిలా గట్టిగా ఉండి మొనకి ఒక పక్కన ఉండటం, చర్మం సొట్టపడటం, మొన కొత్తగా లోపలికి లాక్కుపోవడం, రక్తం కారడం, చంకలో గడ్డ. ఎర్రగా వేడిగా ఉబ్బి జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, అదే రోజు చూపించాలి. మగవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ అరుదు, మొత్తం రొమ్ము క్యాన్సర్లలో నూటికి దాదాపు ఒకటి. అరుదు కదా అని ఆలస్యంగా వెళ్ళేవాళ్ళే మగవాళ్ళలో ఎక్కువ.

పాత లెడ్జరు (తొమ్మిది రోజుల తర్వాత):

వెళ్ళొచ్చాను. ఈసారి "ఎడమ చనుమొన నొప్పి, కింద బిళ్ళ ఉంది" అని చీటీ మీద రాసి తీసుకెళ్ళి ఇచ్చాను. ఎవరూ తలెత్తి చూడలేదు.

డాక్టరు పడుకోబెట్టి, చెయ్యి తల కింద పెట్టుకోమని, బొటనవేలు ఒకవైపు చూపుడువేలు ఒకవైపు ఆనించి, మెల్లగా రెండూ దగ్గరికి తెచ్చారు. ఉత్త కొవ్వయితే వేళ్ళు మొనదాకా అడ్డు లేకుండా వచ్చేస్తాయట. నాకు మధ్యలోనే ఆగిపోయాయి. "ఇదిగో, రబ్బరు బిళ్ళ, సరిగ్గా మొన కిందే ఉంది, కదులుతోంది" అని నా వేలు తీసుకుని దాని అంచు మీద పెట్టించారు. కుడివైపు కూడా చిన్నది ఉందట, నొప్పి లేదంతే. చంకలు చూశారు. తర్వాత వృషణాలు కూడా చూడాలన్నారు. అక్కడి గడ్డల వల్ల కూడా హార్మోన్లు మారి రొమ్ము పెరుగుతుందట. అప్పటికి సిగ్గు అయిపోయింది, చూసుకోమన్నాను.

టెస్టోస్టిరాన్, ఈస్ట్రడయోల్, ఎల్‌హెచ్, హెచ్‌సీజీ, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లకీ, థైరాయిడ్, లివరు, కిడ్నీ అన్నిటికీ రక్తం తీశారు. పొటాషియం కూడా చూశారు, ఈ మాత్రతో అది పెరగొచ్చట.

నా వయసుకి, ఒకవైపు ఎక్కువగా ఉంది కాబట్టి మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) కూడా అన్నారు. బయట కుర్చీల్లో నేనొక్కణ్ణే మగవాణ్ణి. పక్కావిడ "మీ ఆవిడ లోపలుందా" అని అడిగింది. కాదమ్మా, నాకే అన్నాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, "అయితే ఊపిరి బిగబట్టి నిలబడండి, తొందరగా అయిపోతుంది" అని చెప్పింది. రెండు పలకల మధ్య పట్టడానికి నా దగ్గర సరుకెక్కడిది, టెక్నీషియన్ చాలా కష్టపడి లాగింది. పెన్ను గుచ్చుకున్నదానికి పదింతలు నొప్పి. ఫిల్ములో మొన వెనక విసనకర్ర ఆకారంలో తెల్లగా కనిపించింది. గైనకోమాస్టియానే, అనుమానించేది ఏమీ లేదన్నారు.

బీపీ డాక్టరు ఆ మాత్ర తీసేసి ఎప్లెరెనోన్ రాశారు. అదే జాతి మందే గాని ఈ బాధ చాలా తక్కువట. నొప్పి ముందు తగ్గుతుంది, బిళ్ళ కరగడానికి నెలలు పట్టొచ్చు అన్నారు. త్వరగా వచ్చారు, ఏడాది దాటితే లోపల గట్టిపడిపోయి మందు మానినా పూర్తిగా పోదు అన్నారు.

మా ఆవిడకి చెప్పాను. తువ్వాలు సంగతి తెలుసట. పెన్నుల సంగతి కూడా.

కొత్తగా చేరాను:

మా అబ్బాయికి 13 ఏళ్ళు. వాడూ ఇలాగే రొమ్ము నొప్పి అంటున్నాడు, చొక్కా విప్పనివ్వడం లేదు. మాత్రలేమీ వాడడు. టెన్షన్‌గా ఉంది.

మందుల బల్ల:

ఆ వయసులో చాలామంది అబ్బాయిలకు వస్తుందమ్మా, హార్మోన్లు సర్దుకునే సమయం. మొన కింద చిన్న బిళ్ళ, ముట్టుకుంటే నొప్పి. ఎక్కువమందికి ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుంది. అయినా ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి. బాగా పెద్దదవుతున్నా, ఒకవైపే గట్టిగా ఉన్నా, ఏదైనా కారుతున్నా ఆలస్యం చేయొద్దు.

పాత లెడ్జరు:

చొక్కా విప్పమని అందరి ముందూ అడగకండమ్మా. ముందు లోపల ఏమీ వేయకుండా వేసుకునే గరుకు చొక్కాలు మార్పించి, మెత్తటి బనియన్లు ఇవ్వండి. మా ఆవిడ నాకు అదే చేసింది, పెద్దగా ఏమీ అడక్కుండా. స్కూల్ బ్యాగు పట్టీ అక్కడ రాసుకుంటోందేమో కూడా చూడండి.