ధూర్జటి పద్యానికి ట్యాగులు వేయాలా, వట్టి యూనికోడ్ చాలా?

గాంధీరోడ్డు డీటీపీ (తిరుపతి)

ఆదివారం మన పాతపుస్తకాల బృందం కూర్చున్నప్పుడు ఈ మాట తెగలేదు. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకని ఇక్కడ రాస్తున్నా. రానివాళ్ల కోసం రెండు ముక్కలు: మన దగ్గర కాపీరైటు తీరిపోయిన శతకాలు, ప్రబంధాలు, హరికథలు ఒక బీరువా నిండా ఉన్నాయి. వాటిని టైపు చేసి అందరూ ఉచితంగా చదువుకునేలా నెట్‌లో పెట్టాలి. శ్రీకాళహస్తి మనకి గంట ప్రయాణం కూడా లేదు కాబట్టి మొదట ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంతో మొదలుపెడదాం అనుకున్నాం. తేలనిది ఒక్కటే. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే అక్షరాల్లో, వట్టి పాఠం టైపు చేసి వదిలేద్దామా, లేక ఇది పద్యం, ఇది పాదం, ఇది పాఠాంతరం (ఇంకో ప్రతిలో ఉన్న వేరే మాట), ఇది సంపాదకుడు చేర్చిన మాట అని గుర్తులు పెట్టుకుంటూ పోదామా? ఆ గుర్తుల్నే ట్యాగులంటారు. వాటికి చాలా దేశాల్లో వాడే పద్ధతి ఒకటుంది, టీఈఐ అంటారు.

గుర్తులు కావాలన్నది నా మాట. 22 ఏళ్లుగా టైపు చేస్తున్నదాన్ని, ఊరికే చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట ఒక ప్రచురణకర్త పాత ప్రబంధాన్ని తిరిగి అచ్చేయాలని నాకిచ్చారు. అరసున్నలు, బండి ఱలతో సహా అనూ ఫాంట్లలో మొత్తం కొట్టాను. ప్రూఫులు రెండుసార్లు దిద్దాక, ఈ అరసున్నలు పిల్లలకి అడ్డం, తీసేయండి అన్నారు. ఫైండ్‌లో అరసున్న, రీప్లేస్‌లో ఖాళీ. ఒక్క మీట నొక్కాను, పుస్తకం మొత్తంలో పోయాయి. బండి ఱ కూడా అట్లాగే మామూలు ర అయిపోయింది. పాత ఫైలు మీదే సేవ్ చేశాను. మాతృక ప్రతిని వాళ్లు తీసుకెళ్లారు, తర్వాత అడిగితే కనిపించడం లేదన్నారు. ఆ పుస్తకం అసలు రూపం నా చేతుల్లోనే పోయింది. ఇప్పటికీ ఆ సంగతి మనసులో మెదిలితే కీబోర్డు మీద చేయి ఆగుతుంది.

ఇప్పుడు ధూర్జటి మొదటి పద్యం చూడండి. 'శ్రీవిద్యుత్కలితాజవంజవ మహాజీమూత పాపాంబుధా' దగ్గర మొదటి పాదం ఆగుతుంది. రెండో పాదం 'రావేగంబున' అని ఎత్తుకుంటుంది. ధారా అనే మాట నడిమికి విరిగి సగం పైన, సగం కింద పడింది. ఆ రెండో పాదం చివర 'సముదీర్ణత్వంబుఁ గోల్పోయితిన్' అని ఉంది. కోల్పోయితిన్‌లో ఉండాల్సిన క కాస్తా గ అయింది. ముందున్న ద్రుతం, అంటే మాట చివరి నకారం, వల్ల వచ్చిన మార్పు అది, ఆ ద్రుతమే అరసున్నగా మిగిలింది. అరసున్న తీసేస్తే గ ఎందుకొచ్చిందో చెప్పే సాక్షి పోతుంది. రేపు ఒక పిల్లవాడు 'ధారా' అని వెతికినా, 'కోల్పోయితిన్' అని వెతికినా ఈ పద్యం తగలదు. గుర్తులుంటే అచ్చులో ఉన్నదీ దక్కుతుంది, వెతుక్కోవడానికి వీలైన రూపమూ పక్కనే ఉంటుంది.

కట్టమంచి బీరువా (చిత్తూరు)

అక్కా, నీ బాధ నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేను. ఆ బీరువా మా ఇంట్లో ఉంది. కింది అరలో చెదలు పట్టి హరికథలు మూడు పోయాయి. మిగతావాటి కాగితం తిరగేస్తే విరుగుతోంది. నువ్వు ఒక పేజీకి గుర్తులు పెట్టేలోగా నేను రెండు పేజీలు కొడతా. మనం ఎనిమిది మందిమి, అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి. ముందు అక్షరాలు బతకాలి.

1971లో అమెరికాలో మైకేల్ హార్ట్ ఉచిత పుస్తకాల కోసం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది వట్టి పాఠమే. ఏ హంగూ లేదు. అందుకే వాళ్ల పాత ఫైళ్లు ఈరోజుకీ ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటాయి. మన అనూ ఫైళ్లు చూడు, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. హంగులు పెట్టుకున్నందుకు మనవాళ్లు ఎంత నష్టపోయారో నీకంటే ఎవరికి తెలుసు?

ఇంకొకటి, అరసున్న యూనికోడ్‌లో ఉంది, బండి ఱ ఉంది. ఉన్నది ఉన్నట్టు కొడితే పోయేదేముంది? తీసేయమన్నవాడిది తప్పు. ట్యాగు లేకపోవడం తప్పు కాదు. గ బదులు క అని వెతకడం వెతికే సాఫ్ట్‌వేర్‌కి నేర్పొచ్చు, ప్రతి మాటకీ మనం రాసి పెట్టక్కర్లేదు.

ఎస్వీయూ ఎంఏ తెలుగు

ఏమీ అనుకోకండి, టీఈఐ అంటే అసలేంటి? అదొక సాఫ్ట్‌వేరా? కొనాలా?

కపిలతీర్థం (ప్రస్తుతం బెంగళూరు)

సాఫ్ట్‌వేర్ కాదు తమ్ముడూ, ఒక ఒప్పందం. టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ అని పూర్తి పేరు. 1980లలో ఒక్కో విశ్వవిద్యాలయం పాత గ్రంథాల్ని కంప్యూటర్లో ఎక్కించి తనకి తోచిన గుర్తులు వేసుకుంది. ఒకరి ఫైలు ఇంకొకరికి పనికిరాకుండా పోయింది. 1987లో న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ కాలేజీలో సమావేశమై అందరికీ ఒకటే పద్ధతి ఉండాలనుకున్నారు. 1994లో వచ్చిన నియమావళి గుర్తులు రాసే ఎస్‌జీఎంఎల్ అనే పద్ధతి మీద నడిచింది, 2002లో ఎక్స్‌ఎంఎల్ అనే ఇంకో పద్ధతికి మారింది, ఇప్పుడు వాడుతున్న పీ5 రూపం 2007లో వచ్చింది. రూపాలు మారినా పాత ఫైళ్లు పారేయాల్సిన పని రాలేదు, కొత్తదానిలోకి మార్చుకున్నారు. బీరువా అన్న అనూతో పోల్చారు గానీ, అది ఫాంటు లోపల గుట్టుగా దాచిన సంకేతం. ఇది బయటికి కనిపించే మాట. ఎక్స్‌ఎంఎల్ ఫైలంటే వట్టి యూనికోడ్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. గుర్తులన్నీ ఊడదీసి వట్టి పాఠం కావాలంటే ఒక్క నిమిషం పని. వట్టి పాఠం లోంచి గుర్తులు రప్పించడం మాత్రం ఎవరివల్లా కాదు.

సంస్కృత గ్రంథాలకి సారిట్ అనే భాండారం ఈ పద్ధతినే వాడుతోంది. శాసనాలకి ఎపిడాక్ అని దీంట్లోంచే ఒక శాఖ ఉంది.

గాంధీరోడ్డు డీటీపీ

బీరువా తమ్ముడూ, ఉన్నది ఉన్నట్టు కొడితే చాలన్నావు. ఉన్నది ఏమిటన్న దగ్గరే నా పేచీ. సీసపద్యం తీసుకో. పాదాలు నాలుగే, అచ్చులో ఒక్కో పాదాన్ని రెండు వరసలుగా వేస్తారు. కింద తేటగీతో ఆటవెలదో వస్తుంది. నువ్వు ఎంటర్ కొట్టిన చోటల్లా పాదం అయిపోయిందని కంప్యూటర్ అనుకుంటుంది. ఏది పాదమో, ఏది అచ్చులో చోటు చాలక తిప్పిన వరసో నీకు తెలుసు, ఫైలుకి తెలియదు. నువ్వు పేజీ చూస్తూ కొడుతున్నప్పుడే ఒక గుర్తు వేస్తే సరిపోయే పని. నీ తర్వాత ఆ పేజీ చూసేవాడు ఉండడు, నువ్వే అన్నావు కదా కాగితం విరుగుతోందని.

పేజీ అడుగున పాఠాంతరాలుంటాయి. పద్యం ఈ పేజీలో రెండు పాదాలు, తర్వాతి పేజీలో రెండు పాదాలు పడిందనుకో. వరసగా కొట్టుకుంటూ పోతే 'క ప్రతిలో ఇట్లు' అనే మాట పద్యం కడుపులో దూరుతుంది. నెట్‌లో దొరికే ఎన్నో పాత కావ్యాల పాఠాల్లో ఇదే జరిగింది. మంచి పద్యం నడుమ ఒక అంకె, ఒక తెగిన మాట. చదివేవాడు కవి అట్లా రాశాడనుకుంటాడు.

పడమటివీధి అయ్యోరు (శ్రీకాళహస్తి)

అమ్మాయ్, నువ్వు చెప్పిన అరసున్న మాటతో నా మనసు కలిసింది. నేను బడిలో తెలుగు చెప్పి దిగిపోయినవాణ్ణి, కొన్ని తాళపత్రాలు చదివి రాసినవాణ్ణి. ఆకు మీద మాటకీ మాటకీ ఎడం ఉండదు, పద్యమూ వచనమూ ఒకటే వరస. ఎత్వానికీ ఏత్వానికీ, ఒత్వానికీ ఓత్వానికీ తేడా చూపరు. మెడ అని ఉందా, మేడ అని ఉందా అన్నది చదివేవాడు సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. పురుగు తిన్న చోట ఊహించుకోవాలి. మనం అచ్చులో చూసే ప్రతి పద్యం ఎవరో ఒక పండితుడు అట్లా తేల్చి ఇచ్చినదే. ఎక్కడ చదివాడు, ఎక్కడ ఊహించాడు అన్నది చెప్పే గుర్తులుంటే, తర్వాతివాళ్లు ఆయనతో వాదించగలరు. అందుకు నేను మీ పక్షమే.

అయితే ఒక భయం కూడా ఉంది. పదం ఇక్కడ విరుగుతుందని గుర్తు వేసేశామంటే, శ్లేష గతి ఏమిటి? పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణమూ అవుతుంది, భారతమూ అవుతుంది. ఒక రకంగా విరిస్తే ఒక కథ, ఇంకో రకంగా విరిస్తే మరో కథ. మీ యంత్రం ఒక్క విరుపే అడిగితే, కవి ఏళ్ల తరబడి పడిన శ్రమని ఒక్క మీటతో సగం చేసినవాళ్లమవుతాం. ఆ అరసున్నల కథే మళ్లీ.

కపిలతీర్థం

అయ్యోరూ, అసలైన చోట పట్టుకున్నారు. ఎక్స్‌ఎంఎల్‌కి ఉన్న పెద్ద ఇబ్బంది ఇదే. ఒక డబ్బాలో ఇంకో డబ్బా పూర్తిగా ఇమడాలి, సగం బయటికి రాకూడదు. అక్క చెప్పిన 'ధా' 'రా' చోట కూడా ఇదే చిక్కు, పాదం అనే డబ్బా మూసుకోవాలి, మాట అనే డబ్బా ఇంకా తెరిచే ఉంది. టీఈఐ చేసిన ఏర్పాటేమిటంటే, మాటని రెండు ముక్కలుగా రాసి ఇది మొదటి ముక్క, ఇది చివరి ముక్క అని చెప్పడం. శ్లేషకైతే పద్యాన్ని ముట్టుకోకుండా, విరుపులు రెండూ వేరే చోట రాసి ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అని వేలు చూపించొచ్చు. పని అవుతుంది. సులువు అని మాత్రం నేను అనను.

అందుకని నా సలహా, పదవిభాగం జోలికి ఇప్పుడు పోవద్దు. పద్యం, పాదం, పేజీ మార్పు, అడుగు గమనిక, సంపాదకుడు చేర్చినది. ఈ ఐదు చాలు. మిగతావి ఓపికున్నవాళ్లు తర్వాత చేర్చుకుంటారు.

పుంగనూరు పిల్లోడు

పద్యాల సంగతి నాకు తెల్దు. మా తాత చెప్పిన కతలు నేను అట్నే రాసి ఒక పత్రికకి పంపినా. 'వస్తా ఉండాను' అని రాస్తే 'వస్తున్నాను' అని దిద్ది ఏసినారు. 'యాడికి పోతా ఉండావురా' అంటే 'ఎక్కడికి వెళ్తున్నావు' అంట. మా తాత ఆ మాట పుట్టి బుద్ధెరిగినాక అన్లేదు. మీరు చెప్పే గుర్తుల్లో అసలు మాట ఒక పక్క, దిద్దిన మాట ఒక పక్క పెట్టే వీలుంటే నాకు అదొక్కటి చాలు.

కపిలతీర్థం

ఉంది తమ్ముడూ. ఒకే చోట మూలరూపం, సవరించిన రూపం రెండూ ఉంటాయి, చదివేవాడు ఏది కావాలంటే అది తెర మీద చూస్తాడు. అరసున్న ఉన్న పాఠం, లేని పాఠం కూడా ఇట్లాగే ఇవ్వొచ్చు.

కట్టమంచి బీరువా

తాత మాట విన్నాక నేను కొంచెం మెత్తబడ్డా, దాచుకోను. అయినా నా ప్రశ్న నిలబడే ఉంది. ఈ గుర్తులు తప్పుగా వేస్తే ఎవరు దిద్దుతారు? వికీమూలం అనే ఉచిత పుస్తకాల సైటులో స్కాన్ బొమ్మ పక్కనే పెట్టుకుని ఒకరు కొడితే ఇంకొకరు సరిచూస్తారు. అక్షరం తప్పైతే తెలుగు చదవడం వచ్చిన ఎవరైనా పట్టుకుంటారు. ట్యాగు తప్పైతే బెంగళూరు నుంచి ఒకరు రావాలి. పైగా ఆ ట్యాగుల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటే మా అయ్యోరి తరం వాళ్లు దగ్గరికే రారు.

సరే, మొదటి పది పద్యాలు వట్టి పాఠంగా కొట్టి బృందానికి పంపా. చూసి చెప్పండి.

గాంధీరోడ్డు డీటీపీ

చూశాను తమ్ముడూ. చాలా శుభ్రంగా కొట్టావు, అరసున్నలన్నీ ఉన్నాయి. రాత్రి కూర్చుని పాదాలకి గుర్తులు వేశాను. పేర్ల గురించి నువ్వన్నది నిజమే, అందుకే నేను తెలుగులోనే పద్యం, పాదం, పుట, గమనిక అని రాశాను. ఎక్స్‌ఎంఎల్ తెలుగు పేర్లని ఒప్పుకుంటుంది. చివర్లో టీఈఐ పేర్లలోకి ఒక్కసారే మార్చుకోవచ్చని కపిలతీర్థం చెప్పాడు.

గుర్తులు వేశాక కంప్యూటర్‌తో అక్షరాలు లెక్కపెట్టించాం. శార్దూలానికి పాదానికి 19, మత్తేభానికి 20 రావాలి. ఒక మత్తేభంలో ఒక పాదానికి 19 వచ్చాయి. స్కాన్ తీసి చూస్తే నడుమ ఒక 'ను' జారిపోయింది. నువ్వు రెండుసార్లు చదివావు, నేను ఒకసారి చదివాను, ఇద్దరికీ కనపడలేదు. మొదటి పద్యానికి యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు) కూడా కంప్యూటరే చూసింది, 1వ అక్షరం శ్రీ, 13వ అక్షరం జీ, సరిపోయింది.

ఒక్కటే వెలితి. ఏ పద్యం ఏ పేజీలోదో నీ ఫైల్లో లేదు. ఆ 'ను' వెతకడానికి నాకు పావుగంట పట్టింది. నా దగ్గరున్న ఇంకో ముద్రణలో పద్యాల వరుస కూడా వేరుగా ఉంది, పేజీ అంకె లేకపోతే ఏది ఏ పుస్తకం లోంచి వచ్చిందో ఆరు నెలల తర్వాత మనకే తెలియదు.

పడమటివీధి అయ్యోరు

ఆ 'పుట', 'గమనిక' అన్న పేర్లు చూశాక నాకు ధైర్యం వచ్చింది. నేనూ ఒక చేయి వేస్తాను. అన్నమయ్య రాగిరేకుల సంకీర్తనలకి దిగినప్పుడు మాత్రం రాగం పేరుకి ఒక గుర్తు పెట్టండి. రేకు మీద రాగం పేరుంది, స్వరం లేదు. సామంత రాగంలో చెప్పినవన్నీ ఒక్కచోట చేర్చి చూడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక.

కట్టమంచి బీరువా

అక్కా, అక్షరాలు లెక్కపెట్టడానికి నిజానికి ఎంటర్ మీట చాలు, శతకంలో సీసాలు లేవు కదా. కాబట్టి ట్యాగులకి నేనింకా ఒప్పుకోలేదు. పేజీ అంకె విషయంలో తప్పు నాదే. రేపటి నుంచి పుట మారిన ప్రతిచోటా అంకె వేస్తా, అడుగు గమనికలు పద్యంలో కలపకుండా విడిగా కొడతా. దాని మీద గుర్తులు నువ్వు వేసుకో. నా వట్టి పాఠం కూడా పక్కన ఉంచాలి, అది ఆపితే నేను ఊరుకోను. ప్రబంధానికి వచ్చాక, సీసాలు మొదలయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం.

ఎస్వీయూ ఎంఏ తెలుగు

11 నుంచి 20 దాకా నాకివ్వండి. బీరువా అన్న కొట్టే పద్ధతిలోనే కొడతా. 'ధా' 'రా' లాంటి చోట ఏం చేయాలో అక్క ఒక్కసారి చేసి చూపిస్తే ఆ గుర్తు కూడా నేనే వేస్తా.