‘ఒబాసాన్’ నవల: నవోమి, స్టీఫెన్‌ల మౌనం

ప్రశ్న: జాయ్ కొగావా 1981లో వెలువరించిన ఈ నవలలో, 1942లో కెనడా ప్రభుత్వం పశ్చిమ తీరం నుంచి వెళ్లగొట్టిన జపనీస్ కుటుంబాల్లో ఒకదానికి చెందిన అన్నాచెల్లెళ్లు స్టీఫెన్, నవోమి ఒకే బాల్యాన్ని అనుభవించి కూడా పెద్దయ్యాక దాని గురించి ఎందుకు మాట్లాడుకోరంటారు?

జవాబు: స్టీఫెన్ సంగీతంలోకి తప్పించుకున్నాడండీ, నవోమికి ఆ దారి కూడా లేదు.

మరో జవాబు: నా దృష్టిలో అసలు కారణం పెద్దలే. నాగసాకి బాంబుదాడిలో తనకేమైందో పిల్లలకు తెలియనివ్వవద్దని తల్లి కోరడంతో, ఆ విషయం చెప్పే ఉత్తరాల సంగతి దశాబ్దాల పాటు దాచారు. ఎమిలీ పిన్ని పత్రాలు పోగుచేసి వాదిస్తుంది, పెద్దమ్మ (నవల పేరులోని ఒబాసాన్ ఈమే) నోరు మెదపదు. నాకు పెద్దమ్మే ఎక్కువ నచ్చింది.

ప్రశ్న అడిగినవారు: వెళ్లగొట్టినవాళ్లను స్లోకన్ అనే ఊరికి తీసుకెళ్లే రైల్లో పసికందుకు గుడ్డలు లేవని ఓ ముసలమ్మ తన లోపలి లంగా విప్పి ఇచ్చే ఘట్టంలోనూ ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ కోణంలో మళ్లీ చదువుతాను.