అద్దెకిచ్చిన తొలి ఇల్లు: ఆదాయపు పన్నులో ఏవి తగ్గించుకోవచ్చు?

కూకట్‌పల్లి యజమాని:
బ్యాంకు రుణంతో కొన్న ఫ్లాటును 2025–26 ఆర్థిక సంవత్సరంలో తొలిసారి అద్దెకు ఇచ్చాము. నెలకు 20,000 రూపాయల చొప్పున ఏడాది పొడవునా అద్దె వచ్చింది. ఆస్తి పన్ను 10,000 కట్టాము, రుణంపై వడ్డీ 4,10,000 అయింది. ఇవి కాక రంగులకు, ప్లంబింగు పనికి, బ్రోకరుకు ఇచ్చిన డబ్బుకు రసీదులన్నీ దాచి ఉంచాను. నాకు జీతం తప్ప వేరే ఆదాయం లేదు. వీటిలో వేటిని అద్దెలోంచి మినహాయించుకోవచ్చో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

విజయవాడ ఆడిటర్:
రంగులకూ ప్లంబింగుకూ బ్రోకరుకూ విడిగా మినహాయింపు లేదండి. అద్దెలోంచి ముందుగా మీరు కట్టిన ఆస్తి పన్నును తీసివేసి, మిగిలిన దానిలో 30 శాతాన్ని ఇలాంటి ఖర్చులన్నిటి కింద ఆదాయపు పన్ను చట్టపు 24వ సెక్షనే మినహాయిస్తుంది; మీరు రూపాయి ఖర్చు పెట్టకపోయినా అంతే, లక్ష ఖర్చు పెట్టినా అంతే. మీ లెక్కలో 2,40,000 నుంచి 10,000 పోగా 2,30,000, అందులో 30 శాతం కింద 69,000 పోగా 1,61,000 మిగులుతుంది. దానిలోంచి వడ్డీ 4,10,000 పూర్తిగా తీసివేయవచ్చు, ఎందుకంటే చాలామంది చెప్పే రెండు లక్షల వడ్డీ పరిమితి సొంతానికి ఉంచుకున్న ఇంటికే గాని అద్దెకిచ్చిన ఇంటికి కాదు. ఫలితంగా 2,49,000 నష్టం తేలుతుంది.

ఆ నష్టం మీకు ఉపయోగపడుతుందా లేదా అన్నది మీరు ఎంచుకునే పన్ను విధానాన్ని బట్టి ఉంటుంది. పాత విధానంలో 2,00,000 వరకు జీతంలోంచి తగ్గించుకొని, మిగిలిన 49,000ను ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకుపోవచ్చు. అలా తీసుకుపోయినది ఇంటి ఆదాయానికి మాత్రమే సర్దుబాటు అవుతుంది. కొత్త విధానంలో వడ్డీ మీ అద్దె ఆదాయాన్ని సున్నా చేయడంతో సరి, మిగిలిన నష్టం జీతంలోంచి తగ్గదు, వచ్చే ఏడాదికీ పోదు. వాయిదాల్లో రుణపు అసలు కింద జమయ్యే మొత్తానికి 80సీ సెక్షన్ కింద 1,50,000 వరకు దొరికే మినహాయింపు కూడా పాత విధానంలోనే ఉంది. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటని జీతగాళ్లకు కొత్త విధానంలో రిబేటు (పన్ను మాఫీ) వల్ల పన్నే పడదు గనుక వారికి ఈ బెంగ అక్కరలేదు. అంతకు మించినవారు మాత్రం రెండు విధానాల్లోనూ లెక్క కట్టి చూసుకోకుండా రిటర్ను వేయవద్దని నా మనవి.

గడువు విషయం కూడా గట్టిగా చెప్పాలి. ఉద్యోగులు పాత విధానాన్ని గడువులోపు వేసే రిటర్నులోనే ఎంచుకోవాలి. ఆలస్యమైతే కొత్త విధానమే వర్తిస్తుంది, దానితో ఈ నష్టమంతా పోతుంది.

మధురవాడ ఉపాధ్యాయిని:
మా ఫ్లాటు దస్తావేజులోనూ రుణంలోనూ మా ఇద్దరి పేర్లూ సగం సగం ఉన్నందున, అద్దెనూ వడ్డీనూ సగం చొప్పున ఎవరి రిటర్నులో వారు చూపిస్తున్నాము. రెండు లక్షల సర్దుబాటు పరిమితి ఒక్కొక్కరికీ వేరుగా వర్తించడం వల్ల మాకు మేలు జరిగింది. ఇల్లు కడుతుండగా చెల్లించిన వడ్డీ సంగతి ఏమిటండీ? 2022 జూన్‌లో రుణం తీసుకుంటే నిర్మాణం 2024 నవంబరుకు గాని పూర్తి కాలేదు.

విజయవాడ ఆడిటర్:
అది పోదండి. 2024 మార్చి 31 వరకు కట్టిన వడ్డీనంతటినీ కూడి, అయిదు సమాన భాగాలుగా 2024–25 నుంచి 2028–29 వరకు ఏటా ఒక భాగం చొప్పున, ఆ ఏటి వడ్డీకి అదనంగా చూపాలి. బ్యాంకు ఇచ్చే వార్షిక పత్రంలో సాధారణంగా ఆ ఏటి వడ్డీ మాత్రమే ఉంటుంది కాబట్టి పాత సంవత్సరాల పత్రాలను ఇప్పుడే తెప్పించి పెట్టుకోండి. మీలాగే చేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక: దస్తావేజులో పేరు చేర్చినంత మాత్రాన చాలదు, రుణంలోనూ పేరుండి వాయిదాలు కడుతున్నప్పుడే వడ్డీ మినహాయింపు నిలుస్తుంది.

డల్లాస్ నుంచి:
విదేశాల్లో ఉన్న యజమానులకు ఒక మాట. అద్దె నెలకు 50,000 దాటితే కిరాయిదారు అద్దెలోంచి 2 శాతం పన్ను కోత వేయాలన్న నియమం భారతదేశంలో నివసించే యజమానులకు సంబంధించినది. మనకు చెల్లించే అద్దె ఎంత తక్కువైనా సెస్సుతో కలిపి 31.2 శాతం కోత వేయాలి. భారతదేశంలో రిటర్ను వేసి వాపసు కోరడమో, తక్కువ కోతకు ముందుగా ధ్రువపత్రం తీసుకోవడమో చేయాలి. అదే అద్దెను అమెరికా రిటర్నులోనూ చూపాలి. ఇక్కడ 30 శాతం మినహాయింపు లేదు, వాస్తవ ఖర్చులే లెక్క. కాబట్టి ఆడిటర్ గారు అవసరం లేదన్న ఆ రసీదులు మాకు తప్పనిసరి. 2018లో గాని ఆ తర్వాత గాని అద్దెకు పెట్టిన ఇంటికి, స్థలం విలువ మినహాయించి, కట్టడం విలువపై 30 ఏళ్ల పాటు తరుగుదల కూడా చూపుకోవాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ దొరుకుతుంది గాని, అక్కడి పన్ను సంవత్సరం ఏప్రిల్–మార్చి, ఇక్కడిది జనవరి–డిసెంబరు, కాబట్టి నెలవారీ లెక్క రాసుకోకపోతే చిక్కులు వస్తాయి.

వరంగల్ సభ్యుడు:
మధ్యలో ఇల్లు ఖాళీగా ఉన్న నెలలకు కూడా అద్దె చూపాలా? కిరాయిదారు ఇచ్చిన అడ్వాన్సు ఆదాయమేనా?

విజయవాడ ఆడిటర్:
ఏడాదిలో కొంతకాలం అద్దెకిచ్చి, కిరాయిదారు దొరకక మిగతా నెలలు ఖాళీగా ఉంచితే, ఆ కారణంగా తగ్గిన అద్దెనే ఆదాయంగా తీసుకోవచ్చు. ప్రకటన ఇచ్చినట్టు ఆధారం ఉంచుకోండి. తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు ఆదాయం కాదు, దానిని బకాయి అద్దె కింద జమ కట్టుకుంటే మాత్రం అద్దె అవుతుంది. ఆస్తి పన్ను యజమాని స్వయంగా కట్టినప్పుడే, అదీ కట్టిన సంవత్సరంలోనే తగ్గుతుంది. హైదరాబాదులో ఏప్రిల్‌లో ఇచ్చే 5 శాతం రాయితీ కోసం ఆగేవారు, ఆ చెల్లింపు కొత్త ఆర్థిక సంవత్సరపు లెక్కలోకి పోతుందని గమనించాలి. నేను చెప్పిన సెక్షన్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 చట్టం వర్తిస్తుంది, అందులో సెక్షన్ల సంఖ్యలు వేరు.