నిర్జన వారధి చదివాక ఏ నవలా పట్టడం లేదు. తర్వాత ఏం చదవమంటారు?

కృష్ణలంక పాఠకురాలు:

అందరికీ నమస్కారం. ఉద్యోగానికి రోజూ విజయవాడ నుంచి గుంటూరు వెళ్లొస్తాను. రైల్లో సీటు దొరికితే చాలు, పుస్తకం తీస్తాను. ఈమధ్య చదివినవాటి గురించి చెప్పి మీ సలహా అడుగుదామని రాస్తున్నాను.

కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ ‘నిర్జన వారధి’ జనవరిలో బుక్ ఎగ్జిబిషన్‌లో కొన్నాను. ఆవిడ మన పామర్రులో పుట్టారు. ఊహ తెలియకముందే పెళ్లి, వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, పాటలు, అజ్ఞాతవాసం. ఆ భర్త వదిలి వెళ్లిపోయాక మళ్లీ చదువు మొదలుపెట్టి, కాకినాడ పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా చేరారు. కొడుకూ కూతురూ ఇద్దరూ ఆవిడ కన్నా ముందే పోయారు. 2012లో ఈ పుస్తకం వచ్చేసరికి ఆవిడకి తొంభై దాటాయి. 2018లో నూరేళ్లు నిండాక కన్నుమూశారు.

ఇంత జరిగినా, నా కష్టం చూడండి అని ఎక్కడా మనల్ని పిలవరు. పెద్ద దెబ్బ తగిలిన చోట రెండు మాటల్లో చెప్పేసి, మర్నాటి పనిలోకి వెళ్లిపోతారు. ఏడవాలా వద్దా అన్నది మనకే వదిలేశారు. నేనైతే మంగళగిరి దగ్గర పుస్తకం మూసేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

వెంటనే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ మొదలుపెట్టాను. గొప్ప నవలే, కాదనను. కానీ సీతారామారావుకి వచ్చే ప్రతి ఆలోచననీ విప్పి చూపిస్తుంటే నాకు ఊపిరాడలేదు. అతను ఇంట్లో వాళ్లని బాధపెట్టే చోట అతని బుర్రలో ఏముందో కాదు, ఆ భార్య ఏమనుకుందో తెలుసుకోవాలనిపించింది.

‘తులసిదళం’ అమ్మ కోసం తెచ్చాను. వీక్లీలో సీరియల్‌గా వచ్చేటప్పుడు ఇంటిల్లిపాదీ వంతులేసుకుని చదివేవాళ్లట. భయపెట్టడంలో యండమూరికి తిరుగులేదు, పేజీలు వాటంతటవే తిరిగాయి. కానీ చిన్నపిల్ల మీద చేతబడి అన్నది నాకు మింగుడుపడలేదు.

వీటన్నిటి మధ్యా హాయిగా చదివింది నండూరి రామమోహనరావుగారి ‘విశ్వరూపం’. పాతది కాబట్టి ప్లూటో లాంటివి కొన్ని మారాయి, దాన్ని 2006లో గ్రహాల లెక్కలోంచి తీసేశారు కదా. అయినా నక్షత్రాల గురించి ఇంత తేట తెలుగులో ఎవరు చెప్తారు! మా అబ్బాయికి కూడా అర్థమవుతోంది.

నా ప్రశ్న ఇదీ: వివరించకుండా, జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకునే పుస్తకాలు ఏమున్నాయి? కథలైనా, జీవితచరిత్రలైనా సరే.

తెనాలి మాస్టారు:

అమ్మా, కోటేశ్వరమ్మగారి గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. గోపీచంద్ దగ్గర మాత్రం ఒప్పుకోను. సీతారామారావు జబ్బే ఆలోచన. చెయ్యాల్సిన పని ఎదురుగా ఉంటే దాని మీద తర్కం చేస్తూ కూర్చునే మనిషి. ఆ ఊపిరాడకపోవడం పాఠకుడికి కలగాలనే రాశాడాయన. ఎందుకు అని అడగడం నేర్పిన తండ్రి త్రిపురనేని రామస్వామికి అంకితమిచ్చిన పుస్తకం అది. అదే ప్రశ్న ఒక మనిషిని ఎలా తినేస్తుందో కూడా అందులోనే చూపించాడు. కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ చదవండి.

మీరడిగిన పద్ధతిలో అయితే అలెక్స్ హేలీ ‘రూట్స్’ నవలకి సహవాసి అనువాదం ‘ఏడు తరాలు’. ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి అమెరికాలో బానిసని చేసిన కుంటా కింటే పారిపోబోతే పాదం నరికే ఘట్టంలో వ్యాఖ్యానం ఏమీ ఉండదు.

సింగ్‌నగర్ నుంచి:

అక్కా, ‘అమరావతి కథలు’ చదవండి. సత్యం శంకరమంచిగారివి నూరు కథలు, ఒక్కోటి రెండుమూడు పేజీలే. మీ రైలు ప్రయాణానికి సరిగ్గా సరిపోతాయి.

అందులో మొదటి కథ ‘వరద’. కృష్ణ పొంగి ఊరు మునిగితే కులం పట్టింపు పక్కనపెట్టి ఆకలి తీర్చుకుంటారు, నీళ్లు తీశాక మళ్లీ ఎవరి గీత వాళ్లది. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్లలోకి వచ్చినప్పుడు పై అంతస్తువాళ్ల వరండాలో మూడు నాలుగు కుటుంబాలం ఒకే గిన్నెలో పులిహోర తిన్నాం. అంతకుముందు మమ్మల్ని గుమ్మం దాటనివ్వని ఇల్లు అది. బీరువా కింది అరలో పుస్తకాలన్నీ బురద ముద్దయిపోయాయి. ఈ కథల పుస్తకం తర్వాత మళ్లీ కొనుక్కుని చదివితే ‘వరద’ నాకు కొత్త కథలా అనిపించింది. నీళ్లు తీశాక మా వీధిలో ఏం జరిగిందో అందులో ముందే రాసి ఉంది.

బ్రాడీపేట:

గుంటూరు వస్తూనే ఉన్నారు కాబట్టి బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయానికి ఒకసారి వెళ్లండి, పాత పుస్తకాలు బాగా ఉంటాయి. మా ఊరి ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో జైల్లో రాసిన ‘మాలపల్లి’ కూడా మీ లిస్టులో పెట్టుకోండి. ప్రభుత్వం నిషేధించిన నవల. ఉపన్యాసాలు ఎక్కువే, మీకు విసుగు రావచ్చు. కానీ రామదాసు కుటుంబం కోసం ఓపిక పట్టాలి.

కృష్ణలంక పాఠకురాలు:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు చెప్పింది ఆలోచించాను. అతని ఊపిరాడకపోవడం కనిపిస్తోంది, ఒప్పుకుంటాను. కానీ అతని పక్కన బతికిన మనిషికి కూడా ఊపిరాడలేదు కదా, ఆవిడకి నవలలో చోటు చాల్లేదన్నదే నా బాధ. అలాంటి ఇంటిని భార్య వైపు నుంచి రాసిన నవల ఉంటే చెప్పండి.

సింగ్‌నగర్ తమ్ముడూ, ముందు నువ్వు చెప్పిందే చదువుతాను. బాపు బొమ్మలున్న ప్రతి కావాలి. ఏలూరు రోడ్డు షాపుల్లో దొరుకుతుందా, లేక లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర వెతకాలా?