సింక్ పల్సును అణచివేయడాన్ని ఎన్‌క్రిప్షన్ అనవచ్చా?

పాతతెర: అనలాగ్ కేబుల్ రోజుల్లో చందా కట్టనివారికి బొమ్మ కుదురుగా రాకుండా సింక్ పల్సును, అంటే బొమ్మలోని ప్రతి గీత ఎక్కడ మొదలవుతుందో టీవీకి చెప్పే సంకేతాన్ని, అణచివేసేవారు. డీకోడర్ పెట్టె లేనిదే చూడలేని ప్రసారం ఎన్‌క్రిప్ట్ అయినట్టే లెక్క అని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పగలరు.

గీతలలెక్క: నేను కాదంటానండి. ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా అనలాగ్ టీవీ పద్ధతి ప్రసారంలో క్యారియర్ (బొమ్మను మోసుకొచ్చే రేడియో తరంగం) బలం సింక్ కొసన 100 శాతం, బ్లాంకింగ్ (గీతకూ గీతకూ నడుమ బొమ్మ లేని విరామం) దగ్గర 75 శాతం, తెలుపు దగ్గర 12.5 శాతం ఉంటుంది. బ్లాంకింగ్ వ్యవధిలో మాత్రమే సిగ్నల్‌ను 6 డెసిబెళ్లు తగ్గిస్తే ఆ 100 కాస్తా 50కి పడిపోతుంది. అప్పుడు బొమ్మలోని నల్లటి భాగాలే సింక్ కంటే ఎత్తున నిలుస్తాయి కనుక టీవీ వాటినే గీతకు మొదలని పొరబడుతుంది. నల్లకోటు వేసుకున్న మనిషి తెరమీద నడిస్తే బొమ్మంతా అతని వెంటే వంకర్లు పోయేది, నడుమ ఒక బూడిదరంగు పట్టీ మెలికలు తిరిగేది ఇందుకే.

ఇంత జరిగినా సిగ్నల్‌లో మాత్రం బొమ్మలోని ఏ భాగమూ చోటు మారలేదు. గీతలు సుమారు 63.5 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున వస్తూనే ఉంటాయి. కొన్ని వందల గీతలను ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే, గీతగీతకూ దాదాపు మారకుండా ఉండే భాగమే బ్లాంకింగ్ అని తేలిపోతుంది. అక్కడ బలం పెంచి కొత్త పల్సు చేరిస్తే బొమ్మ నిలబడుతుంది. ఇలా చెదరగొట్టిన (స్క్రాంబుల్ అయిన) స్థితిలోనే రికార్డయిన పాత టేపులను ఈ దారిలోనే బతికించుకోవచ్చు, నాకు ఈ విషయం మీద పట్టుదల అందుకే. పైగా చాలా వ్యవస్థల్లో ఆ పల్సు వేళలను శబ్దపు క్యారియర్ మీదే ఆంప్లిట్యూడ్ (బలం) మార్పులుగా పంపేవారు. శబ్దం ఎఫ్ఎం, అంటే బలంలో కాక ఫ్రీక్వెన్సీ మార్పుల్లో ఉంటుంది కాబట్టి అవి చెవికి వినబడవు, అంతే. తాళం వేసి, తాళంచెవిని గుమ్మానికే తగిలించి వెళ్లడాన్ని ఎన్‌క్రిప్షన్ అని ఎలా అనగలం?

పాతతెర: మరి 1986లో అమెరికా చందా ఛానెల్ హెచ్‌బీఓ ఉపగ్రహ ప్రసారాలకు వాడిన వీడియోసైఫర్ 2 అనే వ్యవస్థ మాటేమిటి? అందులోనూ సింక్ తీసేశారు కదా!

గీతలలెక్క: మంచి ఉదాహరణే తెచ్చారు. అయితే అందులో డీఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో నిజంగా ఎన్‌క్రిప్ట్ అయింది డిజిటల్ శబ్దం. బొమ్మకు దక్కింది సింక్ తొలగింపు, నలుపు తెలుపుల తారుమారు మాత్రమే. దీనికి ఎదురు ఉదాహరణ వీడియోక్రిప్ట్ అనే మరో అనలాగ్ టీవీ వ్యవస్థ: సింక్ చెక్కుచెదరదు, కానీ ప్రతి గీతనూ 256 చోట్లలో ఏదో ఒకచోట కోసి ముక్కలను అటుదిటు, ఇటుదటు చేసేవారు. అక్కడ సింక్ ఎంత బాగున్నా బొమ్మ అర్థం కాదు. పక్కపక్క గీతల పోలికను బట్టి ఆ కోతలనూ కంప్యూటర్‌తో పట్టుకోవచ్చు, కాకపోతే ప్రతి గీతకూ విడిగా వెతకాలి.