స్వీడ్ దుంప కోస్తే లోపలంతా గోధుమ రంగు, ఇదేం తెగులు?

అనంతపురం_పెరడు
అందరికీ నమస్కారం. పోయిన సంవత్సరం గ్లాస్గోలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాను. అక్కడ స్వీడ్ అనే దుంప తిన్నాను. పైన ఊదా రంగు, లోపల లేత పసుపు. ముల్లంగి ఘాటు ఉండదు, ఉడికితే తియ్యగా ఉంటుంది. కందిపప్పులో వేసి చేస్తే మా అల్లుడు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఇంటికొచ్చాక విత్తనాలు ఆన్‌లైన్‌లో తెప్పించి, అక్టోబరు మొదటి వారంలో పెరట్లో ఎర్రమట్టి మడిలో రెండు సాళ్లు వేశాను.

మొలకలప్పుడే ఆకులకు సూదితో పొడిచినట్టు చిల్లులు పడ్డాయి. చెయ్యి పెడితే నల్లటి చిన్న పురుగులు ఎగిరి దూకేవి. సగం మొలకలు వాటికే పోయాయి. డిసెంబరులో ఆకుల అడుగున పేనుబంక పట్టింది, వేపనూనె కొడితే తగ్గింది. అసలు బాధ ఇది కాదు. సంక్రాంతికి ఒక దుంప పెరికి కోశాను. జామకాయంత ఉంది, పైన నున్నగా ఉంది. లోపల మాత్రం నీరు పట్టినట్టు గోధుమ రంగు మచ్చలు. ఎంత ఉడికించినా పీచు, చేదు. ఇంకో రెండు కోసినా అంతే. నూరు రోజులు కనిపెట్టుకుని ఉన్నానండీ, ఏడుపొచ్చింది. ఇంకా 17 మొక్కలున్నాయి.

బ్రిటన్ వాళ్ల వీడియోల్లో చెప్పినవన్నీ చేశాను. వేర్లు బుడిపెలు కట్టే క్లబ్‌రూట్ రాకూడదని మట్టిలో సున్నం కూడా కలిపాను. పెట్టేది బోరు నీళ్లు. దీనికి మందు ఉందా?

కడప_కూరగాయలు
ఎగిరి దూకేవి ఫ్లీ బీటిల్స్ అక్కా. ముల్లంగినీ ఆవాలనీ తినేవీ అవే. మడి ఎండితే ఇంకా ఎక్కువవుతాయి. మొక్క నాలుగైదు ఆకులు వేసిందాకానే భయం. ఈసారి విత్తిన రోజే పాత దోమతెర కప్పి, అంచుల మీద మట్టి వేయండి. కానీ ముందు పంటగా ముల్లంగి, క్యాబేజీ వేసిన మడిలో కప్పొద్దు. వాటి పిల్ల పురుగులు మట్టిలోనే ఉంటాయి, తెర లోపలే లేస్తాయి.

మైదుకూరు_రైతు
అక్కా, మీరు సున్నం వేశానన్న మాట చదివి ప్రాణం ఉసూరుమంది. మీ దుంపకు వచ్చింది తెగులు కాదు, బోరాన్ లోపం. బోరాన్ అంటే మొక్కకు చాలా కొద్దిగా కావాల్సిన పోషకం. మీరు చెప్పిన గుర్తులన్నీ దానివే.

క్లబ్‌రూట్ పులుపు నేలల్లో, తేమ ఎక్కువున్న చోట వస్తుంది. స్కాట్లాండ్‌లో వానలు ఎక్కువ, నేలలు పులుపు, అందుకే వాళ్లు సున్నం వేసి పీహెచ్‌ని (నేల పులుపును కొలిచే అంకె, 7 కంటే తగ్గితే పులుపు) 7 దాటిస్తారు. మన బోరు నీళ్లలో చాలాచోట్ల సున్నం ముందే ఉంటుంది, బిందె అడుగున తెల్లగా పేరుకునేది అదే. దాని మీద మళ్లీ సున్నం వేస్తే పీహెచ్ ఇంకా పెరిగి, మట్టిలో బోరాన్ ఉన్నా వేరుకు అందదు. మడి ఆరినా అంతే.

నాకు కాలీఫ్లవర్‌లో ఇదే జరిగింది. కాడ గుల్ల, పువ్వు మీద గోధుమ మచ్చలు. తెగులనుకుని మూడుసార్లు మందు కొట్టాను, పైసా ఫలితం లేదు. మీ అనంతపురంలో శనక్కాయ వలిస్తే కొన్ని గింజల్లో బద్దల మధ్య గుంత పడి రంగు మారి ఉంటుంది చూడండి, అదీ బోరాన్ లోపమే.

గోధుమ రంగు తిరిగిన దుంప మళ్లీ బాగుపడదు. నిమ్మకాయంత సైజులో ఉన్నవి ఉంటే లీటరు నీళ్లకు 2 గ్రాముల బోరాక్స్ (బోరాన్ ఉండే ఎరువు) కలిపి ఆకుల మీద కొట్టి చూడండి. వచ్చే పంటకు చదరపు మీటరుకు 1 గ్రాము బోరాక్స్, నీళ్లలో కరిగించి మడంతా సమంగా పోయాలి. చేతి లెక్కన వేయొద్దు, తూకం వేయండి. బోరాన్ కొంచెం ఎక్కువైనా ఆకు అంచులు మాడిపోతాయి. సున్నం, బూడిద రెండూ మానేయండి. శనక్కాయ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది.

ఇంకొక మాట. స్వీడ్‌కు ఐదు నెలల దాకా చల్లదనం కావాలి. మనకు ఫిబ్రవరి దాటితే ఎండ ముదురుతుంది, దుంప పీచైపోతుంది. దీని దగ్గరి చుట్టం టర్నిప్ 60 రోజుల లోపే చేతికొస్తుంది. క్యాబేజీకీ టర్నిప్‌కూ కలిసి పుట్టిందే స్వీడ్. వచ్చే ఏడాది ఒక సాలు టర్నిప్, ఒక సాలు స్వీడ్ వేయండి.

అనంతపురం_పెరడు
తమ్ముడూ, పొద్దున్నే వెళ్లి అన్నీ చూశాను. చిన్నవి ఐదున్నాయి, వాటికి కొడతాను. మిగతావి పెరికేసి ఆకు పప్పులో వేస్తున్నాను, ఆకు బాగానే ఉంది. బోరాక్స్ అంటే పిల్లలు క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరేనా? ఇంట్లో డబ్బా ఉంది.

మైదుకూరు_రైతు
అది వద్దక్కా, అందులో ఏం కలుపుతారో మనకు తెలియదు. ఎరువుల అంగట్లో 10.5 శాతం బోరాన్ అని సంచి మీద రాసి ఉన్న బోరాక్స్ అడగండి. వేడి నీళ్లలో కరిగించి, చల్లారాక సాయంత్రం పూట కొట్టండి.