నాయన, అన్న చర్చిలో ఒకే బల్లకు రావడం లేదు. నేనేం చేయాల?

జమ్మలమడుగు ఆడబిడ్డ:

అందరికీ వందనాలు. మాది జమ్మలమడుగు పక్కన పల్లె. పెళ్లై ప్రొద్దుటూరులో ఉంటాను, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఈ సంగతి మా చర్చి సంఘంలో ఎవరికి చెప్పినా ఏదో ఒక పార్టీ వాళ్లకు చెప్పినట్టే అవుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా నాయనకు డెబ్బై ఏళ్లు. ముప్పై ఏళ్లు ఎర్రగుంట్ల కాడ బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పని చేసినాడు. సంఘ పెద్ద. మా అన్న బేల్దారి మేస్త్రీ. మా చర్చి వరండాలో నల్ల బండలు నాయన పాలిష్ పట్టినవి, పరిచింది అన్న. చిన్నప్పుడు నేను ఆ బండల మీద కూర్చొని బైబిల్ వాక్యాలు బట్టీ పట్టేదాన్ని.

నాయన ఫ్యాను, అన్న సైకిలు. ఎవరి కారణం వాళ్లకుంది. 2009లో అమ్మకు గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది. మేం పెట్టుకున్నది బస్సు చార్జీలు, తిండి ఖర్చు. ఆ తర్వాత అమ్మ పదకొండేళ్లు బతికింది. ఆ ఆసుపత్రి కాగితాలు నాయన ఇప్పటికీ బైబిల్లోనే పెట్టుకున్నాడు. అన్న సంగతి వేరే. 2019లో ఇసుక దొరక్క నెలల తరబడి పని లేక కూర్చున్నాడు. వదిన కమ్మలు కుదువ పెట్టడానికి షాపుకు తోడు పోయింది నేనే. మా పక్కన స్టీలు ఫ్యాక్టరీకి 2007లో, 2018లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగినాయి. కట్టేటప్పుడు పని దొరుకుతుందని ప్రతిసారీ ఆశపడినాడు మా అన్న. నాకు ఇద్దరి బాధా తెలుసు, ఏ ఒక్కరినీ తప్పు పట్టలేను.

2024 ఎలక్షన్ల ముందర అన్న సైకిలు తరఫున పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చుంటానన్నాడు. నాయన ఆ రాత్రి కుటుంబ ప్రార్థన అయినాక, వదిన, పిల్లలు అందరూ ఉండగా, "ఇంట్లో ఇస్కరియోతును పెంచుకున్న్యా" అన్నాడు. ఇస్కరియోతు అంటే ఏసును పట్టిచ్చిన యూదా. అన్న తలొంచుకొని లేచిపోయినాడు. మళ్లీ మే 12 ఆదివారం, అంటే పోలింగు ముందురోజు, పాస్టరు గారు ప్రసంగంలోనే ఎవరికి ఓటెయ్యాలో అర్థమయ్యేటట్టు చెప్పినారు. అన్న ఆ రోజు మధ్యలోనే బయటికి వచ్చేసినాడు.

జూన్ 4న ఫలితాలు. సాయంత్రం అన్న నాయన ఇంటి ముందరే టపాసులు కాల్చినాడు. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో "151 నుంచి 11" అని ఫ్యాను సీట్ల లెక్క పెట్టినాడు. నాయన తలుపేసుకొని, లైటు ఆర్పేసినాడు. గ్రూపులోంచి వెళ్లిపోయినాడు. రోజూ తెల్లవారుజామున ఐదింటికి ఆ గ్రూపులో ఒక వాక్యం పెట్టేది ఆయనే. ఆ రోజు నుంచి మా ఇంటికి వాక్యం లేదు.

ఇప్పటికీ ఇద్దరికీ మాటల్లేవు. ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చేటప్పుడు అందరూ లేచి ముందుకు పోతారు. నాయన మాత్రం బెంచీ మీదే కళ్లు మూసుకొని కూర్చుంటాడు. అన్న అంతకుముందే లేచి వేపచెట్టు కిందికి పోతాడు.

అన్న కూతురికి పద్నాలుగేళ్లు. కన్ఫర్మేషన్ (బల్ల తీసుకునే ముందు విశ్వాసం ఒప్పుకొనే ఆరాధన) అయింది, వచ్చే నెల మొదటిసారి బల్ల తీసుకుంటుంది. "అత్తా, ఒక పక్క తాత, ఒక పక్క నాయన ఉండాల" అంటుంది. పాప చేతనే తాతను అడిగిద్దామా? లేక పాస్టరు గారిని మధ్యకు పిలవాలా? ఆయనంటే అన్నకు నమ్మకం పోయింది. మీ ఇళ్లల్లో ఇట్లాంటివి ఎట్లా సర్దుకున్నారో చెప్పండి.

అనంతపురం టీచరు:

అక్కా, నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. 2024లో పోలింగ్ డ్యూటీ చేసినాను. మొదట ఆ ప్రసంగం గురించి చెప్తాను, మీ అన్న బాధలో అది కూడా ఒక ముల్లని నాకనిపించింది.

ఎన్నికల ప్రవర్తనా నియమావళి ప్రకారం గుడి, మసీదు, చర్చి ఏదీ ప్రచారానికి వేదిక కాకూడదు. అభ్యర్థి గానీ, ఏజెంటు గానీ, అభ్యర్థి ఒప్పుకోలుతో ఇంకొకరు గానీ మతం పేరు చెప్పి ఓటడిగితే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద తప్పు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం, ఓటరు మతాన్ని చూపి అడిగినా అదే వర్తిస్తుందని చెప్పింది. ఆ ఆదివారానికైతే బయట మైకులు కూడా బందు, ప్రచారం గడువు ముందురోజు సాయంత్రమే అయిపోయింది. ఎవరి మీదనో కేసు పెట్టమని కాదు నేననేది. మీ అన్న లేచి బయటికి రావడం దేవుని మీద తిరుగుబాటు కాదని మీ నాయనకు తెలియాలి.

ఇంకొకటి. ఓటు వేసినాక వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. అట్ట చాటున నిలబడిన మనిషికే అది కనబడేది, నాలాంటి డ్యూటీ వాళ్లకు కూడా కనబడదు. మా ఆయన, నేను పెళ్లైన పద్దెనిమిదేళ్లలో ఎవరికి వేసినావని ఒకరినొకరు ఒక్కసారి కూడా అడగలేదు. మా మామగారు నేర్పిన అలవాటు ఇది. ఏజెంటుగా కూర్చున్న మీ అన్నకు అంత చాటు లేదు, ఊరంతా చూసింది. అందుకే మీ నాయనకు అది నలుగురిలో అవమానంగా తగిలి ఉంటుంది.

నంద్యాల పెద్దాయన:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. నాకు డెబ్బై ఆరు. మా నాయన ఉపదేశి, పల్లె పల్లె సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పినోడు.

ఇద్దరూ బల్లకు పోకుండా ఉన్నారని నీకు దిగులు. నాకు అక్కడే ఆశ కనబడుతుంది. మనసులో పగ పెట్టుకొని కూడా ఏమీ ఎరగనట్టు పోయి రొట్టె తినేవాళ్లను నేను శానామందిని చూసినాను. మీ నాయన తినలేకపోతున్నాడు, మీ అన్న కూడా అంతే. ఇద్దరికీ ఆ బల్లంటే భయం, గౌరవం ఉన్నాయి.

మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పుట్టిందే కలవడం కోసం. 1919లో తమిళనాడు తరంగంబాడిలో మాట మొదలైతే 1947 సెప్టెంబరు 27 దాకా పట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, లండన్ మిషన్ వాళ్లు అంత కాలం వాదించుకొని ఒకటైనారు. మా నంద్యాల వైపు కొన్ని సంఘాలు అప్పుడు కలవలేదు కూడా. అన్నదమ్ములు వేరువేరు చర్చిలకు పోయిన ఇండ్లు నాకు తెలుసు. పెండ్లిళ్లకు, సావులకు మాత్రం ఒకే పందిట్లో కూర్చున్నారు. తరువాత శానా ఏండ్లకు కలిసినారు.

మన ఆరాధన క్రమంలో బల్లకు ముందు సమాధానం, అంటే శాంతి, చేతులతో ఒకరికొకరు ఇచ్చుకునేది ఉంది కదా. ఇప్పుడు శానా చోట్ల ఊరికే దండం పెట్టేస్తున్నారు. పాత పద్ధతి అది కాదు. ఇచ్చే మనిషి తన కుడి అరచేయి ఎదుటి మనిషి కుడి అరచేతికి ఆనిస్తాడు, ఇద్దరూ ఎడమ చేతులు పైన మూస్తారు. కేరళ సిరియను క్రైస్తవుల కాడి నుంచి తీసుకున్నది. బెంచీ చివరి దాకా ఒకరి నుంచి ఒకరికి పోవాల, మధ్యలో తెగకూడదు. "మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము" అని మత్తయి 5లో ఉంది. నువ్వెవరికి ఓటేసినావో తేల్చుకొని రా అని మాత్రం లేదు.

పాస్టరును పిలవొద్దు, ఆయన కూడా దీంట్లో ఒక పక్షమైపోయినాడు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టొద్దు కూడా. నువ్వే ఒంటరిగా ఒక్కొక్కరి కాడికి పో. ఫ్యాను, సైకిలు ఎత్తొద్దు. నాయన కాడ ఆ ఇస్కరియోతు మాట ఒక్కటే ఎత్తు. అన్న కాడ టపాసులు, ఆ 11 ఒక్కటే ఎత్తు.

కర్నూలు బుధవారపేట తమ్ముడు:

పెద్దాయన మాట నాకు నచ్చింది. అయినా ఒక దాంట్లో నేను వేరే. "రాజకీయాలు ఎత్తొద్దు" అనేది ఈ ఒక్క రాజీకి సరే, మన ఇళ్లల్లో శాశ్వతంగా అదే పద్ధతి పెట్టుకుంటే ఎట్లా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ ఎస్సీ జాబితాలో లేరు. మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని 2023 మార్చి 24న శాసనసభ తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. నా చెల్లెలి ఉద్యోగం, నా సర్టిఫికెట్టు అంతా దీంట్లోనే ఉంది. ఇంట్లో మాట్లాడుకోకుండా ఎక్కడ మాట్లాడుకోవాల? మా ఇంట్లో అన్నం తినేటప్పుడే వాదించుకుంటాం, గొంతులు లేస్తాయి కూడా. మనిషిని అనకూడదు, బైబిల్లో పేర్లు ఒకరికొకరు తగిలించుకోకూడదు అని మా అమ్మ ఆజ్ఞ.

అక్కా, ఇంకొకటి కూడా. పాపను మధ్యలోకి తేవద్దు. ఆమెకు అది మొదటి బల్ల. తాత రాకపోతే నా వల్లే రాలేదని ఆ బిడ్డ జీవితాంతం మోస్తుంది. పెద్దోళ్ల బరువు పెద్దోళ్లే ఎత్తుకోవాల.

జమ్మలమడుగు ఆడబిడ్డ:

తమ్ముడు చెప్పింది చదివి చాలాసేపు కూర్చుండిపోయినా. పాపతో అడిగించేది మానుకున్నా. పెద్దాయన చెప్పినట్టు విడివిడిగా పోయినా.

నాయన సంగటి తింటా ఉన్నాడు. ఇస్కరియోతు మాట ఎత్తినా. చెయ్యి ఆగిపోయింది. చాలాసేపటికి, "ఆ మాట అనింది తప్పే పాపా. మీ అమ్మ ఉండింటే అననిచ్చేది కాదు. వాడేసిన ఓటు మాత్రం సరే అని నాతో అనిపీయద్దు" అన్నాడు. అనిపీయను నాయనా అన్నా.

అన్న పని కాడ ఉన్నాడు, పరంజా కిందికి దిగి వచ్చినాడు. "ఆ పొద్దు లైటు ఆర్పేసింది నేను చూసినా. అయినా ఇంకొక సరం కాల్చినా" అన్నాడు. అంతకు మించి ఏం చెప్పలేదు. ఇంటికి రమ్మంటే రానన్నాడు.

పోయిన శనివారం నాయన ఫోన్ చేసినాడు. చర్చి వరండాలో మెట్టు పక్కన ఒక బండ ఊగుతా ఉందంట, ముసలోళ్లు ఎవరన్నా పడిపోతారంట. "వాన్ని వచ్చి చూడమని చెప్పు" అన్నాడు. వాన్ని అనే మాట నాయన నోట ఇన్నాళ్లకు విన్నా.

అన్న అర బస్తా సిమెంటు, తాపీ, రసమట్టం తీసుకొని వచ్చినాడు. నేనూ పోయినా. పాత సున్నమంతా గీకి, కొత్త మాలు పోసి, బండ దించినాడు. నాయన పక్కన వంగి రసమట్టం పట్టుకున్నాడు. బుడగ ఒక పక్కకే పోతా ఉంది. "ఇంగ రవ్వంత" అన్నాడు నాయన. అన్న చెక్క సుత్తితో తట్టినాడు. "చాల్లే" అన్నాడు నాయన. వాళ్లు మాట్లాడింది ఆ రెండు ముక్కలే. నాయన తన తుండుగుడ్డతో బండ మీద మాలు మరకలు తుడిచి, చెయ్యి కడుక్కోకుండానే ఇంటికి పోయినాడు. అన్న ఆ తడి బండ చుట్టూ ఇటుకలు పేర్చినాడు, ఎవరూ తొక్కకుండా.

పాప మొదటి బల్ల వచ్చే ఆదివారం. నాయన, అన్న ఒకే బెంచీలో కూర్చుంటారో లేదో తెలీదు. నేను మధ్యలో కూర్చుంటా, సమాధానం నా చేతుల మీదుగా అయినా పోతుంది. మా ఇంటి కోసం ప్రార్థన చేయండి.